పరుగు.. సైకిల్.. మళ్లీ పరుగు!

ఏలూరులో పుట్టి పెరిగాను. ఊళ్లో తమ్మిలేరు, ఓ వైపు నుంచి గోదావరి కాలువ, మరో వైపు నుంచి కృష్ణా కాలువ. ఊరు దాటితే చేపల చెరువులు, వాటి వెనక కొల్లేరు. ఇన్ని నీళ్ల మధ్య 47 ఏళ్లు గడిపినా నాకు ఈత రాదు. నా ఈడు వాళ్లలో చాలామందికి రాదు. కాలువలో దిగుదామంటే గుర్రపుడెక్క, దాని కింద ఏముందో తెలియని బురద. అందుకే ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయాథ్లాన్ గురించి టీవీలో చూసినప్పుడల్లా ‘మనకు కాదులే’ అనుకునేవాణ్ని.

ఈత లేని పోటీ కూడా ఒకటుందని చెప్పింది తాడేపల్లిగూడెంలో ఉండే మా బావమరిది. దాని పేరు డుయాథ్లాన్. ముందు పరుగు, తర్వాత సైకిల్, చివర మళ్లీ పరుగు. అంతే. ‘సైకిల్ తొక్కడం మీకు చిన్నప్పుడే వచ్చు కదా బావగారూ, పరుగు ఎవరూ నేర్పక్కర్లేదు’ అన్నాడు. అప్పటికి నా హెచ్‌బీఏ1సీ 6.2. అంటే మధుమేహం ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన లెక్కల ప్రకారం మనదేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది. నాలా గుమ్మంలో ఉన్నవాళ్లు మరో 13.6 కోట్లు. డాక్టరు ‘రోజూ నడవండి’ అన్నారు. నడక మొదలెట్టి మానేయడం నాకు అప్పటికే నాలుగుసార్లు అయిపోయింది. ముందు ఒక తేదీ, ఒక లక్ష్యం ఉంటే తప్ప నా కాళ్లు కదలవని తెలిసి డుయాథ్లాన్‌కు సరే అన్నాను.

ఎంత దూరం?

పెద్దలు పాల్గొనే ప్రామాణిక పోటీలో 10 కిలోమీటర్ల పరుగు, 40 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. మొత్తం 55. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లి, ఇంకా కాస్త ముందుకు పోయినట్టు. దీనికి సగం దూరాలతో ఉండేది స్ప్రింట్: 5, 20, 2.5 కిలోమీటర్లు. కొత్తవాళ్లు దీన్ని లక్ష్యంగా పెట్టుకోవచ్చు. మరీ పెద్ద మొనగాళ్ల కోసం స్విట్జర్లాండ్‌లోని జోఫింగెన్‌లో 1989 నుంచి పవర్‌మ్యాన్ అనే పోటీ జరుగుతోంది. 10 కిలోమీటర్లు పరిగెత్తి, 150 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, ఆపైన కొండదారుల్లో 30 కిలోమీటర్లు పరిగెత్తాలి. అది చదివి ఆనందించడానికే తప్ప మనం అనుకరించడానికి కాదు. మొదట్లో ఈ ఆటను బయాథ్లాన్ అనేవారు. మంచు మీద జారుతూ తుపాకీ పేల్చే ఆటకు అప్పటికే ఆ పేరు ఉండటంతో దీని పేరు మార్చారు. ట్రయాథ్లాన్ 2000లో సిడ్నీతో ఒలింపిక్స్‌లోకి వెళ్లింది. డుయాథ్లాన్‌కు ఆ భాగ్యం ఇంకా దక్కలేదు.

కష్టమంతా ఆ రెండో పరుగులోనే

మేం పెట్టుకున్న తొలి పరీక్ష చాలా చిన్నది. 3 కిలోమీటర్ల పరుగు, 12 కిలోమీటర్ల సైకిల్, మళ్లీ ఒకటిన్నర కిలోమీటర్ల పరుగు. బావమరిది కంటే ముందుండాలన్న ఉబలాటంతో మొదటి 3 కిలోమీటర్లు 17 నిమిషాల్లో కొట్టేశాను. సైకిల్ 33 నిమిషాలు. దిగి పరుగు మొదలుపెడితే కాళ్లు నావి కావనిపించింది. తొడలు బిగుసుకుపోయాయి. పాదం ఎక్కడ పడుతోందో తెలియలేదు. ఒకటిన్నర కిలోమీటర్లకు 13 నిమిషాలు పట్టింది. అందులో సగం నడకే. మొత్తం 63 నిమిషాలు. ‘అంత తొందరెందుకు బావగారూ, మొదట్లోనే అంతా ఖర్చు పెట్టేశారు’ అన్నాడు వాడు, నన్ను దాటిపోతూ.

ఇలా ఎందుకవుతుందంటే, సైకిల్ మీద ఉన్నంతసేపూ నడుము ముందుకు వంగే ఉంటుంది. తుంటి ముందు భాగంలోని కండరాలు కుదించుకుపోయి ఉంటాయి. తొడల ముందు కండరాలు గుండ్రంగా తిప్పే పనికి అలవాటు పడి అలిసిపోతాయి. ఒక్కసారిగా నిటారుగా నిలబడి ఒంటి బరువు మోస్తూ పరిగెత్తమంటే వాటికి కొంత సమయం కావాలి. దీనికి మందు అలవాటే. వారానికి ఒకసారి సైకిల్ దిగిన వెంటనే కొన్ని నిమిషాలు పరిగెత్తడం సాధన చేయాలి. ఈ సాధనను క్రీడాకారులు బ్రిక్ అంటారు. బ్రిక్ అంటే ఇటుక. అప్పుడు కాళ్లు ఎలా ఉంటాయో తెలిశాక ఆ పేరు నాకు బాగా నచ్చింది.

రెండు చిట్కాలు నాకు బాగా పనిచేశాయి. సైకిల్ దిగబోయే ముందు చివరి రెండు మూడు నిమిషాలు తేలిక గేరులోకి మార్చి కాళ్లు వేగంగా తిప్పాలి. పరుగులో తొలి 500 మీటర్లు చిన్న చిన్న అడుగులు వేయాలి, వేగం గురించి ఆలోచించకూడదు. అన్నిటికంటే ముఖ్యం మొదటి పరుగును అదుపులో పెట్టుకోవడం. మూడు నెలల తర్వాత అదే దారిలో మొదటి 3 కిలోమీటర్లకు కావాలనే 19 నిమిషాలు తీసుకున్నాను. సైకిల్ 32, చివరి పరుగు 9 నిమిషాలు. మొత్తం 60. మొదట్లో రెండు నిమిషాలు వదులుకుంటే చివర్లో నాలుగు నిమిషాలు కలిసొచ్చాయి. ఆ నిగ్రహమే నడివయసు గుండెకూ, మోకాలికీ రక్ష.

ముందు గుండెను అడగండి

మా బాబాయికి 52 ఏళ్లప్పుడు ఓ ఉదయం నడకలో గుండెల్లో మంట పుట్టింది. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నారు. ఆసుపత్రికి చేరేలోపే పోయారు. అందుకే ఈ భాగాన్ని దాటేసి శిక్షణలోకి వెళ్లొద్దని కోరుతున్నాను.

మధుమేహం, రక్తపోటు, అధిక కొలెస్ట్రాల్, పొగ అలవాటు ఉన్నవాళ్లు, తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చినవాళ్లు ముందుగా డాక్టరును కలవాలి. 40 దాటి, ఏళ్ల తరబడి కుర్చీకి అంటుకుపోయినవాళ్లు కూడా. ‘డుయాథ్లాన్‌కు సాధన చేద్దామనుకుంటున్నాను’ అని స్పష్టంగా చెప్పండి. రోజూ నడుస్తానంటే చూసే తీరు వేరు, పోటీకి వెళ్తానంటే చూసే తీరు వేరు. ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎకో లాంటివి ఎవరికి అవసరమో వారే నిర్ణయిస్తారు. పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన జీవితకాలపు గ్యారంటీ కాదు. శ్రమ పడినప్పుడు ఛాతీ మధ్యలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎప్పుడూ లేనంత ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం.. వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగి 108కి ఫోన్ చేయాలి. అది గ్యాసో కాదో తేల్చాల్సింది ఈసీజీ, మనం కాదు.

మందుల సంగతి కూడా అడగండి. రక్తపోటుకు అటెనలాల్, మెటోప్రొలాల్ రకం మాత్రలు వేసుకునేవాళ్లకు ఎంత శ్రమపడినా గుండె వేగం పెద్దగా పెరగదు. చేతి గడియారంలో అంకె తక్కువ చూపిస్తోందని ఇంకా జోరు పెంచితే ప్రమాదం. వీళ్లకు మాటే కొలత: పరిగెడుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరైనదే, మాట తెగిపోతుంటే తగ్గించాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లూ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లూ బయల్దేరే ముందు చక్కెర చూసుకోవాలి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని, పెరిగాకే కదలాలి. 250 దాటి, ఒంట్లో బాగా లేకపోతే ఆ పూట మానేయాలి. జేబులో గ్లూకోజ్ పొట్లం తప్పనిసరి. మధుమేహులు పరుగు తర్వాత రెండు పాదాలూ, వేళ్ల సందులూ వెలుతురులో చూసుకోవాలి. నొప్పి తెలియని బొబ్బే పుండుగా మారుతుంది.

జ్వరం ఉన్నప్పుడు, తగ్గిన కొద్దిరోజుల వరకు పరుగు వద్దు. వైరల్ జ్వరాల్లో గుండె కండరం కూడా వాచే అవకాశం ఉంటుంది. పోటీకి ముందు నొప్పి మాత్ర వేసుకుని దిగడం చాలామంది చేసే తప్పు. చెమట పోతూ నీరు తగ్గిన ఒంట్లో ఆ మాత్ర మూత్రపిండాల మీద దెబ్బ కొడుతుంది.

ఇక ‘పరుగుతో మోకాళ్లు అరిగిపోతాయి’ అన్న మాట. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్షలో మోకాలు లేదా తుంటి కీళ్ల అరుగుదల సరదాగా పరిగెత్తేవారిలో 3.5 శాతం మందికీ, అసలు కదలకుండా కూర్చునేవారిలో 10.2 శాతం మందికీ ఉన్నట్టు తేలింది. పోటీల కోసం విపరీతంగా పరిగెత్తేవారిలో మాత్రం ఎక్కువే, 13.3 శాతం. కాబట్టి మితమైన పరుగుకు భయపడక్కర్లేదు. ఇప్పటికే మోకాళ్లు అరిగి ఉంటే పరుగు తగ్గించి సైకిల్ పెంచుకోవాలి.

పన్నెండు వారాల దారి

తొలి మూడు వారాలు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా పదిసార్లు చేస్తే అరగంట. వారానికి మూడు రోజులు చాలు. మరో రెండు రోజులు అరగంట, ముప్పావుగంట సైకిల్. నాలుగో వారం అన్నీ కాస్త తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇవ్వాలి. ఇలా ప్రతి మూడు వారాలకూ ఒక తేలిక వారం ఉండాలి. అయిదో వారం నుంచి ఒక సైకిల్ రోజును బ్రిక్‌గా మార్చుకోవచ్చు. అరగంట తొక్కి, వెంటనే 5 నిమిషాల పరుగు. ఏడెనిమిది వారాలకు అది 45 నిమిషాలు, 10 నిమిషాలు అవుతుంది. పది, పదకొండు వారాలకు గంట సైకిల్, పావుగంట పరుగు. అప్పటికి నడక విరామాలు వాటంతటవే తగ్గిపోతాయి. తగ్గకపోయినా ఫర్వాలేదు, నడుస్తూ పోటీ పూర్తిచేయకూడదని ఎక్కడా లేదు. పన్నెండో వారంలో సొంతంగా 2, 10, 1 కిలోమీటర్ల చిన్న డుయాథ్లాన్ చేసి చూసుకోండి. స్ప్రింట్ దూరాలకు ఇంకో రెండు మూడు నెలలు పెట్టుకోండి.

సాధనలో అయిదు వంతులకు నాలుగు వంతులు మాట్లాడుకుంటూ చేయగలిగేంత తేలిగ్గా ఉండాలి. మొదట్లో ఇది నమ్మబుద్ధి కాదు. రొప్పకపోతే వ్యాయామమే కాదనుకుంటాం. వారానికి రెండుసార్లు ఇంట్లోనే గుంజీలు, మెట్టు ఎక్కిదిగడం, మునివేళ్ల మీద లేచి దిగడం చేస్తే పిక్కలు, తొడలు గట్టిపడతాయి.

సైకిల్ కొత్తది కొననవసరం లేదు. ఇంట్లో అబ్బాయి తొక్కి వదిలేసిన గేర్ల సైకిలైనా సరిపోతుంది. బ్రేకులు, టైర్లలో గాలి సరిగా ఉండాలి. సీటు ఎత్తు మాత్రం సరిచేసుకోండి. మడమను పెడల్ మీద పెట్టి కిందికంటా తొక్కితే కాలు నిటారుగా రావాలి. మన ఊళ్లలో చాలామంది సీటు బాగా కిందికి దించి తొక్కుతారు, మోకాలి నొప్పికి సగం కారణం అదే. హెల్మెట్‌కు, వెనక ఎర్ర లైటుకు, పరుగుకు పనికొచ్చే బూట్లకు ఖర్చు పెట్టండి. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

మన రోడ్లు, మన ఎండ

జాతీయ రహదారి మీద సాధన వద్దు. భీమడోలు, ఉంగుటూరు మీదుగా పోయే 16వ నంబరు రహదారి నున్నగా ఊరిస్తుంది గానీ, తెల్లవారుజామున నిద్రమత్తులో ఉన్న లారీ డ్రైవరుకు సైకిల్ కనిపించదు. తాడేపల్లిగూడెం నుంచి గణపవరం, నిడమర్రు వైపు పోయే లోపలి రోడ్లు నయం. గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే పరుగుకు బాగుంటుంది. ఏలూరు నుంచి కైకలూరు వైపు కొల్లేరు మీదుగా వెళ్లే దారిలో సూర్యోదయం చూస్తే సైకిల్ దిగబుద్ధి కాదు. శీతకాలంలో ఆటపాక పెలికాన్లు తలమీదుగా వెళ్తుంటాయి. కానీ ఆ దారిలో రెండు చిక్కులున్నాయి. ఒకటి చేపల బండ్లు. వాటి నుంచి కారే ఐసు నీళ్లు, జిగురు కలిసి మలుపుల్లో టైరు జారుతుంది. అక్కడ బ్రేకు ముందే, నెమ్మదిగా వేయాలి. రెండోది డిసెంబరు, జనవరి మంచు. పది గజాల అవతల బండి కనపడనప్పుడు లైటు ఉన్నా లాభం లేదు, ఏడున్నర దాటాకే బయల్దేరాలి. కోతల రోజుల్లో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, వరిగడ్డి పరుచుకుంటుంది. గడ్డి చక్రంలో చుట్టుకుంటే పడటం ఖాయం. రైతును విసుక్కోవద్దు, రోడ్డు వాళ్లకూ కళ్లమే. సంక్రాంతి మూడు రోజులైతే అసలు సైకిల్ బయటికి తీయకండి. పందెం బరులకు పరుగెత్తే కార్ల ముందు మన పోటీ నిలవదు.

డెల్టాలో కొండలు లేవు కదా, సైకిల్ తేలికే అనుకుంటాం. కొల్లేరు గట్టున ఎదురుగాలి వీచే రోజున తొక్కి చూడండి. అందుకే వెళ్లేటప్పుడే గాలికి ఎదురుగా వెళ్లి, వచ్చేటప్పుడు గాలి వెన్ను తట్టేలా దారి ఎంచుకుంటాం. ఎత్తు ఎక్కడం అలవాటు కావాలంటే మెట్ట వైపు, భీమడోలు నుంచి ద్వారకా తిరుమల దారి ఉంది.

ఉక్కపోత మన అసలు ప్రత్యర్థి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట కారుతుందే గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వేసవిలో ఆరున్నరకల్లా సాధన ముగించాలి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి ఏసీ గదిలోంచి లేచి నేరుగా పోటీకి వెళ్లకూడదు. ముందూ వెనకా బరువు చూసుకుంటే ఎంత నీరు పోయిందో తెలుస్తుంది. కిలో తగ్గితే దాదాపు లీటరు పోయినట్టు. గంట దాటిన సాధనకు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ గానీ, లీటరు నీటిలో కలిపిన ఓఆర్ఎస్ గానీ మంచిది. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉన్నా సోడియం తక్కువ. చిటికెడు ఉప్పు వేసుకోండి. భయంతో మంచినీళ్లే అదే పనిగా తాగేసినా రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదమే. తోటివాళ్లు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా వడదెబ్బగా అనుమానించి నీడకు చేర్చి, నీళ్లతో తడిపి విసరండి. ఒళ్లు చల్లార్చే పని ఆపకుండానే 108కి చెప్పండి.

తిండి విషయంలో కొత్త ప్రయోగాలు వద్దు. ఉదయం సాధనకు ముందు ఒక అరటిపండు, వచ్చాక ఇడ్లీ, గుడ్డు. మాంసకృత్తుల కోసం డబ్బా పొడులు కొనేముందు చేపల బజారుకు వెళ్లండి. బొచ్చె, శీలావతి ఇంత తాజాగా దొరికే చోటు దేశంలో ఎన్ని ఉంటాయి? వేపుడు కంటే పులుసు మేలు.

ఆడవాళ్లు మొదలుపెట్టేముందు హిమోగ్లోబిన్ చూపించుకోవడం మంచిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మనదేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ‘నాకు దమ్ము లేదు’ అనుకునే చాలామందికి తక్కువైంది దమ్ము కాదు, ఇనుము. మా చెల్లెలు అలాగే రెండు నెలలు ఐరన్ మాత్రలు వాడాక మళ్లీ మొదలుపెట్టింది. ఆడవాళ్లు ఒంటరిగా చీకట్లో వెళ్లడం కంటే ముగ్గురు నలుగురు కలిసి వెళ్లడం సురక్షితం. చున్నీ గొలుసులో పడకుండా చూసుకోవాలి. తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 4×400 మీటర్ల రిలే పరిగెత్తింది. మా ఇంట్లో ఆడపిల్లలు పొద్దున్నే నిద్ర లేవడానికి నా ఉపన్యాసాల కంటే ఆమె ఫొటోనే బాగా పనిచేస్తోంది.

పోటీ రోజున

హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లాంటి నగరాల్లో డుయాథ్లాన్‌లు జరుగుతుంటాయి. డబ్బు కట్టేముందు నిర్వాహకులను మూడు ప్రశ్నలు అడగండి. సైకిల్ దారిలో వాహనాలు ఆపుతారా? అంబులెన్సు, డాక్టరు ఉంటారా? నీళ్లు ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి ఇస్తారు? సమాధానం తడబడితే ఆ పోటీ వదిలేయండి. వాహనాల బెడద లేకుండా సైకిల్ తొక్కి చూడాలనుకుంటే, 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంది. పైన సౌర పలకల నీడ కూడా ఉంటుంది.

పరుగు ముగించి సైకిల్ అందుకునే చోటును ట్రాన్సిషన్ అంటారు. అక్కడ హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద క్లిప్పు బిగించాకే సైకిల్‌ను స్టాండు నుంచి తీయాలి. గీత దాటేదాకా నడిపించుకుంటూ వెళ్లి, ఆ తర్వాతే ఎక్కాలి. తిరిగొచ్చినప్పుడు గీతకు ముందే దిగి, సైకిల్‌ను స్టాండులో పెట్టాకే క్లిప్పు తీయాలి. ఇవి తప్పితే జరిమానాగా సమయం కలుపుతారు, కొన్నిసార్లు పోటీ నుంచే తప్పిస్తారు. సాధారణ పోటీదారులు ముందువాళ్ల వెనకే దగ్గరగా సైకిల్ తొక్కి గాలి తప్పించుకోవడం కూడా చాలా పోటీల్లో నిషిద్ధం. మా వీధిలో సాయంత్రం పూట ఈ హెల్మెట్, సైకిల్ తంతు అభ్యాసం చేస్తుంటే పిల్లలు చుట్టూ మూగి నవ్వారు. ఇప్పుడు వాళ్లే స్టాప్‌వాచ్ పట్టుకుంటున్నారు.

నా హెచ్‌బీఏ1సీ ఆరు నెలల తర్వాత 5.8 వచ్చింది. డాక్టరు కాగితం చూసి, ఇంకో మూడు నెలలకు మళ్లీ చూద్దామన్నారు. ఈలోగా కార్తీకం దాటి కోతలు మొదలవుతాయి, ఏలూరు చుట్టూ రోడ్లన్నీ ధాన్యంతో నిండిపోతాయి. అప్పటికి ఆదివారం సాధన గూడెం రన్‌వేకు మార్చుకుందామని బావమరిదికి చెప్పాను. ‘రండి గానీ, ఈసారి మొదటి పరుగులో నా వెనకే ఉండాలి’ అన్నాడు.